పంతొమ్మిది డిగ్రీల గది

తలుపుకి బయటినుంచి తాళం పడింది. పోయిన వారం స్క్రూడ్రైవర్‌ని మనం ఆ చప్పుడు దగ్గరే వదిలేశాం.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు మాటలు. స్క్రూడ్రైవర్ అన్నది అతని పేరు కాదు, ఇంటర్నెట్‌లో పెట్టుకున్న మారుపేరు. చేసేది కంప్యూటర్ల రిపేరు. షాపు ఇరుకు వీధిలో, రేకుల కప్పు కింద. ఆరేళ్ళుగా తీరిక దొరికినప్పుడల్లా అతను రాసేది ఒక్కటే సంగతి. కంప్యూటర్‌కి మెదడులాంటిది ప్రాసెసర్ కదా, ఆ ప్రాసెసర్లలో డేగ అనే రకానికి రాబోయే తరం ఎలా ఉండబోతోంది? డేగ-3 ఎలా ఉంటుందో ఆరునెలల ముందే చెప్పాడు. అలాగే వచ్చింది. డేగ-4 చెప్పాడు, డేగ-5 చెప్పాడు. పొల్లుపోలేదు. ఇప్పుడు రెండు లక్షలమంది కొత్త కంప్యూటరు కొనేముందు కంపెనీ మాట కోసం కాదు, అతని మాట కోసం ఆగుతారు.

ప్రతి రాతకీ మొదటి వరుస ఒకటే. ఆ పూట షాపులో వేడి ఎన్ని డిగ్రీలో చెప్తాడు. "చుట్టూ ఎంత వేడి ఉందో చెప్పకుండా ప్రాసెసర్ ఎంత వేడెక్కిందో చెప్పడం దొంగలెక్క" అంటాడు. రేకుల కింద ఆ అంకె ఏనాడూ ముప్ఫైకి తగ్గలేదు. పాఠకులకి అదో వేడుక. బోల్టు అనే మారుపేరుతో ఒకరైతే మరీనూ. "ఇవాళ 38ట. ప్రాసెసర్ సంగతి తర్వాత, ముందు నీ బుర్ర కరక్కుండా చూసుకో" అని ఆరేళ్ళుగా ఒక్క రాత కూడా వదలకుండా ఎత్తిపొడుస్తూనే ఉన్నారు.

ఇవాళ పొద్దున డేగ కంపెనీ కారు షాపు ముందు ఆగింది. సన్మానం అన్నారు. గేటు దగ్గర ఫోను తీసుకున్నారు. నాలుగో అంతస్తులో కిటికీ లేని గదిలో కూర్చోబెట్టారు. గంటన్నర తర్వాత సెక్యూరిటీ ఆఫీసరు తలుపు తీసి ఒకే ఒక్క మాట చెప్పి మళ్ళీ తాళం వేశాడు.

"మీ మరదలు పక్క గదిలో ఉంది. పొద్దున ఎనిమిదింటినుంచి."

ఇక చదవండి.

*

ఆ తలుపు మళ్ళీ తెరుచుకునేసరికి గోడమీద గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. గడియారం పక్కన ఏసీ మీట, దానిమీద పచ్చటి అంకె, 19. పొట్టిచేతుల చొక్కాతో వచ్చిన స్క్రూడ్రైవర్‌కి మోచేతులమీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. గదిలో ఉన్నవి ఒక బల్ల, నాలుగు కుర్చీలు, బల్లమీద తెల్లగుడ్డ కప్పిన పెట్టె. ఇంకేం లేవు.

సెక్యూరిటీ ఆఫీసరు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. భారీ మనిషి. కుర్చీ మూలిగింది.

"ఎవరిచ్చారు?"

"ఏమిటి సార్?"

"వేషాలొద్దు. డేగ-6లో కోర్లు పదహారని రాశావు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మారుతోందని రాశావు. ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. లెక్కపెట్టాను."

"ఏం లెక్కపెట్టావ్?"

"మదర్‌బోర్డుల ప్రకటనలో కొత్త బోర్డు ఫొటో మసగ్గా వేశారు. ఎంత మసగ్గా ఉన్నా ప్రాసెసర్‌కి కరెంటు అందించే కాయిల్స్ గళ్ళుగళ్ళుగా తెలుస్తాయి. పాతదానికి పన్నెండు. దీనికి పద్దెనిమిది. వడ్డించేది పెరిగిందంటే లోపల తినే నోళ్ళు, అదే పనిచేసే కోర్లు, పెరిగినట్టేగా?"

"సాకెట్ మారుతోందని?"

"నేను కొన్న తుక్కులో ఒక స్టీలు పలక దొరికింది. ఫ్యాను బిగించడానికి బోర్డు వెనక పెట్టే పలక. రంధ్రాల మధ్య దూరం డేగ-5 పలకకన్నా నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువుంది."

"తుక్కులో దొరికింది!" ఆఫీసరు బల్లమీద చరిచాడు. "మీ మరదలు ఇదే కంపెనీలో, ప్యాకింగ్ సెక్షన్లో పనిచేస్తుంది. నీకేమో పలక తుక్కులో దొరుకుతుంది. నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా?"

"అంత దగ్గరగా చూళ్ళేదు సార్."

ఆఫీసరు మొహం ఎర్రబడింది. "సరే. లెక్కపెట్టి చెప్పే మొనగాడివి కదా. డేగ-6 స్పీడెంతో ఇప్పుడు చెప్పు. నా ముందు చెప్పు."

స్క్రూడ్రైవర్ కాసేపు ఆలోచించాడు. స్పీడు గురించి కాదు.

"సరిగ్గా చెప్తే మా మనిషే చెప్పిందంటారు. తప్పు చెప్తే అబద్ధాలకోరునంటారు. నోరు మూసుకుంటే?"

"దాస్తున్నావంటాను."

"అయితే మీకు కావలసింది జవాబు కాదు సార్."

"కాదు." ఆ మాట తలుపు దగ్గరనుంచి వచ్చింది.

ఒకావిడ నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. భుజాలచుట్టూ బూడిదరంగు శాలువా, మెళ్ళో కంపెనీ కార్డు. ఆఫీసరు లేచి నిలబడ్డ తీరు చూస్తేనే ఆ అంతస్తులో ఎవరి మాట చెల్లుతుందో తెలిసిపోయింది.

"మేడమ్, ఇంకో పది నిమిషాలిస్తే కక్కిస్తాను."

"కక్కడానికి ఆయన దగ్గరేం లేదు. మీరలా గోడ దగ్గర నిలబడండి." ఆవిడ స్క్రూడ్రైవర్‌ వైపు తిరిగింది. "నేను మార్కెటింగ్ చూస్తాను. మీకు ఎవరూ ఏమీ చేరవెయ్యలేదని నాకు తెలుసు. ఆరేళ్ళుగా మీరు రాసిన ప్రతి అక్షరం చదివాను. డేగ-3 అప్పుడు ఫ్యాను బరువు కూరగాయల తక్కెడలో తూచారు, గుర్తుందా?"

గుర్తుంది. ఆ తక్కెడ పక్కకొట్టు ఆవిడది. భయంలో కూడా అతనికి ఒక్క క్షణం గర్వమనిపించింది. ఇంత పెద్ద కంపెనీలో ఎవరో ఆ రాత చదివి, ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకున్నారు!

"మరి నన్నెందుకు తీసుకొచ్చారు?"

"ఇది చూపించడానికి."

మేడమ్ తెల్లగుడ్డ లాగేసింది.

లోపల కంప్యూటరు. ఒక వైపు అద్దం. అద్దంలోంచి కనిపిస్తున్న వెండిరంగు మూతమీద సన్నటి అక్షరాలు. డేగ-6.

"బయటివాళ్ళలో మొదట చూస్తున్నది మీరే" అంది మేడమ్. మీట నొక్కింది. తెరమీద అంకెలు పరుగెత్తడం మొదలుపెట్టాయి. అంత వేగం అతను ఏ మెషీన్లోనూ చూడలేదు.

ఆరేళ్ళు. కాయిల్స్ లెక్కపెట్టి, రంధ్రాలు కొలిచి, చీకట్లో తడుముకుంటూ ఊహించిన వస్తువు ఇదిగో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. అతను కుర్చీ అంచుకి జరిగి ముందుకి వంగాడు.

అయితే రిపేరుమనిషికి కళ్ళకన్నా ముందు చెవులు పనిచేస్తాయి.

ఫ్యాను పుంజుకుంది. ఒక మెట్టు. రెండు. మూడు. అక్కడ ఒక్క ఊపిరి ఆగింది. ఒక మెట్టు దిగింది. సర్దుకుంది.

అతను కళ్ళు మూసుకున్నాడు. ఇంకోసారి విన్నాడు. మూడు మెట్లు పైకి, ఒకటి కిందకి.

ఈ పాట అతనికి కంఠతా వచ్చు. షాపులో కనీసం మూడొందల మెషీన్లు ఇదే పాట పాడాయి. దానిమీద ఒకసారి ఇలా రాశాడు కూడా. "డేగ-5 ఫ్యాను కొత్తల్లుడిలాంటిది. హడావిడిగా మూడు మెట్లెక్కేసి, పైన మామగారు కనబడగానే ఒక మెట్టు దిగి నిలబడుతుంది." వేడి కొలిచే ముక్కని ఆ తరంలో ఒక మూలకి నెట్టారు. అది ఆలస్యంగా కబురు చెప్తుంది. ఫ్యాను ముందు తొందరపడి తర్వాత నాలిక కరుచుకుంటుంది. కొత్త తరంలో ఆ ముక్క జాగా మార్చకుండా ఏ ఇంజనీరూ ఉండడు.

"మేడమ్" అన్నాడు కళ్ళు తెరిచి. "ఇది అయిదోది."

"పైన ఆరని చెక్కి ఉందిగా?"

"చెక్కడానికేముంది మేడమ్? మా వీధి చివర రబ్బరు స్టాంపులు చేసే ఆయన ఇంతకన్నా అందంగా చెక్కుతాడు. ఇది డేగ-5. ఓర్చుకోలేనంత కరెంటు తోసి పరుగెత్తిస్తున్నారు. ఇలాగే నడిపితే రెండు నెలల్లో మాడిపోతుంది."

మేడమ్ ఆఫీసరు వైపు చూసింది. ఆఫీసరు గోడ వైపు చూశాడు. ఫ్యాను మళ్ళీ మూడు మెట్లెక్కి ఒకటి దిగింది.

ఆవిడ మెల్లగా మెషీన్ ఆపేసి కుర్చీలో కూర్చుంది. కోపం రాలేదు. చదివించిన పిల్లాడు ఫస్టు మార్కు తెచ్చుకున్నట్టు చూసింది అతన్ని.

"మావాళ్ళు నలుగురు ఈ బొమ్మ తయారుచేశారు. ఒక్కడికీ ఫ్యాను సంగతి తట్టలేదు" అంది. "దాచి లాభం లేదు. డేగ-6 లేదు. ఫ్యాక్టరీలో వందకి ఏడు బతుకుతున్నాయి. మిగతావి పుట్టగానే చచ్చిపోతున్నాయి. ఇంకో ఏడాదిన్నర పడుతుంది. అవతలి కంపెనీ కొత్తది వచ్చే నెలే వస్తోంది. ఈ ఏడాదిన్నరా జనం అటు పోకుండా ఆగాలి. మేం ఆగమంటే ఎవరూ ఆగరు. మీరు ఆగమంటే ఆగుతారు."

"నేను ఆగమని చెప్పడానికి డేగ-6 ఉండాలి కదా మేడమ్?"

"రెండు నెలలుగా చెప్తూనే ఉన్నారుగా."

"అది నేను కొలిచి..." అనబోయి ఆగిపోయాడు.

మేడమ్ ఆగలేదు. "ఆ పలక మేం చేయించిందే. మీరు తుక్కు కొనే కొట్టుకి మేమే పంపాం. మసక ఫొటో కూడా మాదే. మొదటిది మరీ మసగ్గా వచ్చింది, మీకు కాయిల్స్ కనబడవేమోనని రెండోసారి తీయించాను."

గదిలో చలి ఒక్కసారిగా ఎముకల్లోకి దిగినట్టయింది అతనికి.

రెండు నెలలు. ఏడు రాతలు. కంటి ఆసుపత్రిలో పనిచేసే ఒక పాఠకుడు అడిగాడు, "అన్నా, మా స్కానింగ్ కంప్యూటర్లు ముక్కుతూ మూలుగుతూ ఉన్నాయి. ఇప్పుడే కొత్తవి కొనమంటావా, ఆగమంటావా?" అని. "ఆగు తమ్ముడూ, రెండు నెలలేగా" అని తనే జవాబిచ్చాడు. అతను ఆగాడు. అలా ఇంకెంతమంది ఆగారో!

"మరి అంతా మీరనుకున్నట్టే జరుగుతుంటే నన్ను లాక్కురావడం దేనికి?"

"పోయిన వారం మీరు రాసిన ఒక్క వాక్యం వల్ల." మేడమ్ ఆ వాక్యాన్ని చూడకుండా అప్పజెప్పింది. "'పలక దొరికింది గానీ, దానికి సరిపడే స్క్రూ బజారులో ఎవరి దగ్గరా లేదు. నాకెక్కడో అనుమానంగా ఉంది.' నిజమే. పలక చేయించాం, స్క్రూలు మర్చిపోయాం. మీకొచ్చిన అనుమానం రెండు లక్షలమందికి వచ్చింది. ఇప్పుడు మీరు రాయాల్సింది చిన్న సంగతి. డేగ-6ని కళ్ళారా చూశాను, చెవులారా విన్నాను, ఆగండి. అంతే."

"నేను రాయను."

"రాస్తారు." శాలువా సర్దుకుని ఆఫీసరుకి సైగ చేసింది. "ఆ అమ్మాయిని తీసుకురండి."

*

మరదలు లోపలికొచ్చింది. పొట్టి మనిషి, చిన్న అడుగులు. మెళ్ళో తాడుంది, దానికుండాల్సిన కంపెనీ కార్డు లేదు. అట్టపెట్టెలమీద అచ్చు సరిగ్గా పడిందో లేదో చూసే ఉద్యోగం ఆమెది. ఆ దరఖాస్తు మూడేళ్ళ క్రితం షాపులో కూర్చుని నింపింది బావే.

బావని చూడగానే ఆమె గడ్డం వణికింది. వెంటనే సర్దుకుంది.

"బావా, నీకూ కాఫీ ఇవ్వలేదా? సన్మానమన్నారటగా."

"సంతకమేదైనా పెట్టావా?"

"పెట్టలేదు. పెన్ను రాయట్లేదన్నాను. నాలుగు పెన్నులు మార్చారు. నాలుగూ రాయలేదు."

"అయిదోది రాస్తుంది" అన్నాడు ఆఫీసరు.

మేడమ్ ఒక కాగితం బల్లమీద పెట్టి అతని వైపు తిప్పింది. టైపు చేసి సిద్ధంగా ఉంది. ప్యాకింగ్ సెక్షన్లో పనిచేస్తున్న నేను డేగ-6 తాలూకు స్టీలు పలకని దొంగిలించి మా బావకి ఇచ్చాను. కింద సంతకానికి చోటు.

"సంతకం లేకపోయినా ఫరవాలేదు. ఆమె పలక తీస్తుంటే చూశామని చెప్పేవాళ్ళు ఇద్దరున్నారు. ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు. కంపెనీ రహస్యం దొంగిలించినందుకు మూడేళ్ళు లోపలుండాలి. మీరు రాస్తే ఈ కాగితం మీ ముందే చింపేస్తాను. ఇద్దరూ ఇంటికెళ్ళిపోవచ్చు."

"నేను నీకు పలక కాదు కదా, ఆఫీసు పెన్ను కూడా తెచ్చివ్వలేదు" అంది మరదలు. "అడిగావు. అయినా ఇవ్వలేదు. చెప్పు బావా వీళ్ళకి!"

"వాళ్ళకి తెలుసమ్మా. పలక వాళ్ళే పంపారు."

ఆమెకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక ఆఫీసరు వైపు చూసిన చూపుకి ఆయన ఇంకోసారి గోడని వెతుక్కున్నాడు.

"అయితే రాయకు బావా. నువ్వు తప్పుడు లెక్క రాస్తే నేనెవరి మొహం చూడను?"

"మీ అక్క మొహం నేనెలా చూడను?"

ఆమె కార్డు లేని తాడుని వేలికి చుట్టుకుంది. నెమ్మదిగా అంది, "అక్క ఈపాటికి నీకు క్యారియరు తీసుకుని షాపుకెళ్ళుంటుంది. తాళం చూసి తిట్టుకుంటూ ఉంటుంది."

అతనికి భార్య కళ్ళముందు మెదిలింది. రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. రోజూ ఒంటిగంటకి క్యారియరు బల్లమీద పెట్టి, అతను కీబోర్డుమీద వంగి ఉండటం చూసి, ఒకటే మాట అంటుంది. "ఆ రాతలు ఎవరు చదువుతారని?" అతనికి తెలిసి ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చదవలేదామె. చదవమని అతనూ అడగలేదు.

రాయకపోతే మరదలికి మూడేళ్ళు. రాస్తే రెండు లక్షలమందికి ఏడాదిన్నర వంచన, ఆ పైన తను ఇంకెప్పుడూ తలెత్తుకుని కొలతబద్ద పట్టుకోలేడు. మూడో తలుపేదైనా ఉందా అని చూశాడు. గదికి ఉన్నదే ఒక తలుపు. దానికి ఆఫీసరు ఆనుకుని ఉన్నాడు.

"ల్యాప్‌టాప్ ఇవ్వండి" అన్నాడు.

"బావా!"

"నువ్వూరుకోమ్మా."

*

మేడమ్ అతని వెనకాల నిలబడింది. ఒక్కో అక్షరం పడుతుంటే చదువుతోంది.

అతను సూటిగా మొదలుపెట్టాడు. 'డేగ-6ని ఇవాళ కళ్ళారా చూశాను.' తర్వాత కోర్లు. తర్వాత వేగం. తర్వాత, 'నా పాత అనుమానం తీరిపోయింది. ఆగండి.' వేళ్ళు వణుకుతున్నాయి. అబద్ధం టైపు చేస్తుంటే కీబోర్డు కూడా కొత్తదానిలా అనిపిస్తోంది. అయినా లోపల ఒక చిన్న ఆశ మిణుకుమంటోంది. అతను మొదటి వరుస రాయలేదు. వేడి లేని రాత ఆరేళ్ళలో ఒక్కటీ లేదు. అది లేకపోతే పాఠకులకి ఎక్కడో ఏదో తేడా కొడుతుంది. ఒక్కరికి కొట్టినా చాలు.

"అయిపోయింది" అన్నాడు.

"కాలేదు." మేడమ్ వేలు తెరమీద పైభాగాన్ని తాకింది. "మొదటి వరుస ఏది?"

అతను చేతులు కీబోర్డు మీదినుంచి తీసేశాడు.

"నాతో ఆటలొద్దు. ప్రతి అక్షరం చదివానన్నాను. గది వేడి లేకుండా మీరు ఏనాడైనా రాశారా? అది లేకపోతే మీవాళ్ళు నమ్ముతారా?"

దొరికిపోయాడు. మిణుకుమన్నది ఆరిపోయింది.

"ఎంత వెయ్యమంటారు మేడమ్?" అన్నాడు, నిజంగానే నీరసంగా.

"ఎంతుంటే అంత వెయ్యండి!" ఆవిడకి విసుగొచ్చింది. "గోడమీదే ఉందిగా."

అతను తలెత్తి గోడ వైపు చూశాడు. పచ్చటి అంకె.

అప్పుడు తట్టింది.

మేడమ్ ప్రతి అక్షరం చదివింది. నిజమే. చదివింది గానీ, రేకుల కింద ఒక్క మధ్యాహ్నం కూడా కూర్చోలేదు. ఈ మేడలో ఇరవయ్యేళ్ళుగా పంతొమ్మిదే. ఆవిడకి అది వేడో చలో కాదు, పీల్చే గాలి. ముప్ఫై అయిదు, ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది... ఆరేళ్ళుగా ఆ అంకెల మీదినుంచి ఆవిడ కళ్ళు జారిపోయాయి, పుస్తకంలో పేజీ నంబర్ల మీదినుంచి జారినట్టు.

మొహంలో ఏమీ కనబడకుండా ఉండటానికి పళ్ళు బిగపట్టాడు. టైపు చేశాడు.

'గది వేడి: 19 డిగ్రీలు.'

తలుపు పక్క కుర్చీలో మరదలికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. నోటికి చెయ్యడ్డం పెట్టుకుని వంగిపోయింది.

"ఏమిటా అమ్మాయికి?"

"ఏసీ పడదు మేడమ్" అన్నాడు అతను.

మేడమ్ మొదటినుంచీ చివరిదాకా ఇంకోసారి చదివింది. ఒక కామా సరిచేసింది. తనే మీట నొక్కింది. రాత వెళ్ళిపోయింది.

*

మొదటి నిమిషంలో నలభై జవాబులు. మూడో నిమిషానికి మూడొందలు.

"చూశారా!" మేడమ్ మొహం విప్పారింది. పైకి చదవడం మొదలుపెట్టింది. "'అన్నా, నీ నోటినుంచి ఈ మాట కోసమే చూస్తున్నాం.' 'ఇంక ఆగుతాం అన్నా.' 'అవతలి కంపెనీవాడు మూట సర్దుకోవాల్సిందే.' మా ప్రకటనలన్నీ కలిపినా ఇందులో పదో వంతు పని చెయ్యవు." టైపు చేసిన కాగితం తీసుకుంది. "నేను మాట తప్పను. ఇదిగో."

కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని పైనుంచి చింపడం మొదలుపెట్టింది. చింపుతూనే తెరమీద తర్వాతది చదివింది.

"'అన్నా, 19 ఏంటన్నా, షాపుకి ఏసీ పెట్టించావా? పార్టీ ఎప్పుడు?' హహ్హ. సరదా మనుషులు. 'రేకుల కింద పంతొమ్మిదా? థర్మామీటరు చచ్చిపోయిందా?' 'అన్నా, అసలు ఎక్కడున్నావు?' 'ఎక్కడినుంచి రాస్తున్నావన్నా?' 'ఎక్కడున్నావన్నా?'"

ఆవిడ గొంతు తగ్గింది. చేతులు ఆగిపోయాయి. కాగితం సగందాకా చిరిగి ఆగింది.

తల తిప్పి గోడ వైపు చూసింది. పచ్చటి అంకె వైపు. తర్వాత అతని పొట్టిచేతుల చొక్కా వైపు, మోచేతులమీద నిక్కిన రోమాల వైపు.

"తీసెయ్యండి!" అరిచాడు ఆఫీసరు. "మేడమ్, ఆ రాత వెంటనే తీసెయ్యండి!"

"ఇప్పుడు తీసేస్తే వాళ్ళ అనుమానం నిజమని ఒప్పుకున్నట్టే." మేడమ్ చిరిగిన కాగితాన్ని బల్లమీద పరిచి, అరచేత్తో నున్నగా రాసింది. "టేపు తీసుకురండి."

అప్పుడే తెరమీద ఒక ఫొటో పైకి లేచింది. పంపింది బోల్టు.

గోడకి తగిలించిన థర్మామీటరు. ఎర్రగీత ముప్ఫై ఆరు దగ్గర ఉంది. కింద అతని పనిబల్ల, విప్పి పెట్టిన మదర్‌బోర్డు, చిన్న స్క్రూల డబ్బా. బల్ల అంచున నీలంరంగు మూతున్న క్యారియరు. ఆ మూతకి ఎడంపక్క సొట్ట.

ఫొటో కింద రాసి ఉంది. 'షాపు పొద్దున్నుంచి తాళమేసే ఉంది. ఇప్పుడే తీశాను. లోపల 36. మరి 19లో కూర్చుని రాసిందెవరు? ఎవరు రాయిస్తున్నారు?'

ఆ సొట్ట ఎలా పడిందో స్క్రూడ్రైవర్‌కి తెలుసు. పోయినేడు మెట్లమీద జారవిడిచాడు దాన్ని. వారంరోజులు తిట్లు తిన్నాడు.

ముందు నీ బుర్ర కరక్కుండా చూసుకో. షాపులో ఒక ఫ్యాను పెట్టించుకోవడానికి ఏం రోగం? నీళ్ళు తాగుతున్నావా లేదా? ఆరేళ్ళ ఎత్తిపొడుపులన్నీ ఒక్కసారిగా ఒకే గొంతుతో వినిపించాయి. ఆ గొంతు రోజూ ఒంటిగంటకి క్యారియరు పెడుతూ అనేది, "ఆ రాతలు ఎవరు చదువుతారని?"

అతని కళ్ళు చెమర్చాయి. మరదలు కూడా ఫొటో చూసింది. చూసిన వెంటనే తలదించుకుని నేలని చూడసాగింది.

"ఈ బోల్టు ఎవరు?" అంది మేడమ్.

"తెలీదు."

ఆ రోజు అది అతని మూడో అబద్ధం. మొదటిది రాస్తుంటే చేతులు వణికాయి. ఇది చెప్తుంటే గొంతు కూడా వణకలేదు.

మేడమ్ ఫొటోని పెద్దది చేసింది. థర్మామీటరు దాటింది, బోర్డు దాటింది, క్యారియరు దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది. ప్రతి అక్షరం చదివే మనిషి ఇప్పుడు ప్రతి వస్తువూ చదువుతోంది.

"తీసింది షాపు లోపలినుంచి. తాళం పగలగొట్టలేదు, తీశానంటోంది. అంటే తాళంచెవి ఉన్న మనిషి. మీకు అన్నం తెచ్చే మనిషి." తలెత్తి ఆఫీసరుని చూసింది. "పొద్దున వెళ్ళిన కారు ఎక్కడుంది?"

"గేటు దగ్గరే ఉంది మేడమ్."

"డ్రైవరుకి దారి తెలుసుగా?"

ఆఫీసరు బయటికి పరుగెత్తాడు. తలుపుకి మళ్ళీ తాళం పడింది.

కీబోర్డు ఇంకా అతని ముందే ఉంది. ఒక్క మాట కొడితే చాలు, 'వెళ్ళిపో' అని. చెయ్యి చాచాడు. వేళ్ళు తగిలేలోపు మేడమ్ ల్యాప్‌టాప్‌ని బల్ల అవతలి అంచుకి లాగేసింది. తెర మాత్రం అతనికి కనిపిస్తూనే ఉంది. బోల్టు దగ్గరనుంచి కొత్త వరుస వచ్చింది.

'ఆయన వచ్చేదాకా నేనీ షాపు వదిలి కదలను. ఇక్కడే కూర్చుంటున్నా.'